విదేశీ స్పోర్ట్ బైక్ సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? గోదావరి జిల్లాల వాళ్లు చూసుకోవాల్సినవి

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్ బైక్ అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" ఎనిమిదేళ్ల బండి ఐదు వేలే తిరిగిందంటే ఎగిరి గంతేస్తారు. మన కోస్తా తేమలో ఆ మాట వినగానే జాగ్రత్తపడాలి. తిరగని బండికి ట్యాంకు అడుగున తుప్పు పడుతుంది, బ్రేకు పిస్టన్లు పట్టేస్తాయి, ఫోర్కు (ముందు షాక్ అబ్జార్బర్) సీళ్లు ఎండిపోతాయి, వైరింగ్ కనెక్టర్లలో పచ్చగా చిలుము పడుతుంది. ఏటా నాలుగైదు వేలు తిరుగుతూ, వేళకి ఆయిల్ మారుస్తూ వచ్చిన పాతిక వేల కిలోమీటర్ల బండి దానికంటే చాలాసార్లు మేలు. కాబట్టి మీటర్ కంటే ముందు బండి ఎక్కడ నిలబడింది, ఎంతకాలం నిలబడింది అన్నది ఆరా తీయండి.

ముందు కాగితాలు

మన దగ్గర విదేశీ బైకులు మూడు దారుల్లో వస్తాయి. ఒకటి, కంపెనీయే పూర్తిగా తయారైన బండిని దిగుమతి చేసి షోరూంలో అమ్మినది. రెండు, విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించినది. 2016 తర్వాత వచ్చిన సుజుకీ హయబుసాలు, కవాసకీ నింజా 650లు ఈ కోవలోవే. ఈ రెండు రకాలకీ మామూలు బండికి ఉండే కాగితాలే ఉంటాయి. మూడోది, ఎవరో సొంతంగా విదేశం నుంచి తెప్పించినది. చిక్కులన్నీ ఇక్కడే.

కోనసీమ నుంచీ నరసాపురం వైపు నుంచీ గల్ఫ్ వెళ్లినవాళ్లు చాలామంది. అక్కడ బండి చవగ్గా దొరుకుతోందని పంపించే ఆలోచన వస్తుంది. వాడిన వాహనం దిగుమతికి మన నిబంధనలు గట్టివి. తయారై మూడేళ్లు దాటకూడదు. ముంబై ఓడరేవు ద్వారానే రావాలి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి. ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద తిరిగే సత్తా ఉందని ధ్రువీకరణ కావాలి. హెడ్‌లైట్ వెలుగు ఎడమవైపు నడిచే మన ట్రాఫిక్‌కు సరిపోవాలి. గల్ఫ్‌లో కుడివైపు నడుస్తారు కాబట్టి అక్కడి హెడ్‌లైట్ వెలుగు కుడి అంచు వైపు పైకి లేస్తుంది, అంటే ఇక్కడ ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. సుంకం, జీఎస్టీ, ఓడ కిరాయి కలిపితే తడిసి మోపెడవుతుంది. మన సలహా సూటిగా చెప్పాలంటే, గల్ఫ్ నుంచి తెప్పించడం మానేసి ఇప్పటికే ఇక్కడ రిజిస్టర్ అయిన బండి వెతుక్కోండి.

ఎవరైనా సొంతంగా తెప్పించిన బండి అమ్ముతుంటే ఆర్‌సీతో పాటు కస్టమ్స్ వాళ్ల బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం), సుంకం కట్టిన రసీదు చూడాలి. అందులో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కార్నెట్ (సుంకం కట్టకుండా కొన్నాళ్లకు తెచ్చుకునే అనుమతి పత్రం) మీద తాత్కాలికంగా వచ్చిన బండి గడువులోగా దేశం దాటి వెళ్లాల్సిందే, దాన్ని అమ్మడానికి వీల్లేదు. "కాగితాలు తర్వాత చేయించుకోవచ్చు" అనే బండిని ముట్టుకోకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య ప్రమాణం అమల్లో ఉంది కాబట్టి, ఇన్నేళ్లూ రిజిస్టర్ కాకుండా ఉండిపోయిన పాత బండికి ఇప్పుడు రిజిస్ట్రేషన్ దొరకదు. సగం ధరకు ఇచ్చినా అది స్పేర్ పార్టుల కుప్పే.

ఛాసిస్ నంబరు సాధారణంగా హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద కొట్టి ఉంటుంది. హ్యాండిల్‌ను ఒకవైపుకు పూర్తిగా తిప్పి, టార్చి వేసి చూడండి. పదిహేడు అక్షరాలుంటాయి. మొదటి మూడూ ఏ దేశపు ఏ కంపెనీదో చెబుతాయి: జేవైఏ అంటే జపాన్ యమహా, జేకేఏ కవాసకీ, జేఎస్1 సుజుకీ, జేహెచ్2 హోండా, జెడ్‌డీఎం ఇటలీ డుకాటీ, ఎస్‌ఎంటీ బ్రిటన్ ట్రయంఫ్. "జపాన్ బండి" అని చెప్పి చూపిస్తున్న నంబరు ఎం అక్షరంతో మొదలైతే, అది జపాన్‌లో తయారైంది కాదు. అక్షరాల లోతు ఒకేలా ఉందా, చుట్టూ గ్రైండర్ గీతలు, కొత్త రంగు ఉన్నాయా చూడండి.

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, బ్లాక్‌లిస్టులో పడిందా తెలుస్తుంది. మన ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించాల్సింది పీవై 04 నంబర్లు. అది యానాం, అంటే పుదుచ్చేరి రిజిస్ట్రేషన్. ఆ బండిని కాకినాడలోనో అమలాపురంలోనో ఉంచుకుని వాడాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఆంధ్రాలో లైఫ్ టాక్స్ కట్టి, నంబరు మార్చుకోవాలి. కర్ణాటక, తెలంగాణ బళ్లకూ ఇంతే. ఈ టాక్స్ ఎంతవుతుందో ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని, ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించండి.

బండి చల్లగా ఉండగా చూడండి

మీరు వచ్చేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటే అమ్మేవాడు ఏదో దాస్తున్నాడని అనుమానించొచ్చు. క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది భాగం) మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే రెండు గంటలాగి రండి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే మొదట ఆర్‌పీఎం కొంచెం ఎక్కువగా ఉండి, వేడెక్కాక 1,100 నుంచి 1,300 మధ్యకు దిగాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. సిలిండర్ తలకు పక్కన గలగలమని చప్పుడు వచ్చి, ఆర్‌పీఎం పెంచితే తగ్గితే కామ్ చైన్ టెన్షనర్ (ఇంజిన్ లోపలి గొలుసును బిగువుగా ఉంచేది) అరిగింది. క్లచ్ పట్టగానే ఆగిపోయే చప్పుడు క్లచ్ బాస్కెట్‌ది, దానికి బెంగ అక్కర్లేదు. ఆర్‌పీఎంతో పాటు పెరిగే బరువైన టక్‌టక్ మాత్రం కనెక్టింగ్ రాడ్ బేరింగ్. అది వినిపిస్తే హెల్మెట్ తీసుకుని ఇంటికి వచ్చేయండి.

తర్వాత ఇంజిన్ ఆపకుండా అలా వదిలేయండి. 100 నుంచి 105 డిగ్రీల దగ్గర ఫ్యాన్ తిరగడం మొదలై, ఉష్ణోగ్రత దిగాలి. 115 దాటినా ఫ్యాన్ రాకపోతే రిలేనో, ఫ్యానో, థర్మోస్టాటో పోయింది. మన దగ్గర దీనికి ఇంకో కారణం ఉంది. కోతల తర్వాత రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, ఆ ఊకా దుమ్మూ వెళ్లి రేడియేటర్ రెక్కల్లో కూరుకుపోతాయి. ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) సందులోంచి టార్చి వేసి చూడండి.

కరెంటు పరీక్ష

స్పోర్ట్ బైకుల్లో తరచుగా పోయేవి స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే తీగచుట్ట), రెగ్యులేటర్ (ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సరిచేసేది). ట్రయంఫ్ డేటోనా 675కి, చాలా సుజుకీ జీఎస్ఎక్స్-ఆర్‌లకి, కొన్ని హోండాలకి ఇది పేరుపడ్డ జబ్బు. పాత తరహా రెగ్యులేటర్ మిగిలిన కరెంటును వేడిగా మార్చి వదిలేస్తుంది, కాబట్టి స్టేటర్ ఎప్పుడూ పూర్తి బరువు మోస్తూనే ఉంటుంది. దానికి తేమ తోడైతే కనెక్టర్ పిన్నుల మీద చిలుము పట్టి, అక్కడ వేడి పుట్టి, ప్లాస్టిక్ కరుగుతుంది.

ఒక మామూలు మల్టీమీటర్ పట్టుకెళ్తే చాలు. డీసీ 20 వోల్ట్ల దగ్గర పెట్టి బ్యాటరీ మీద చూడండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 రావాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు 10 కంటే దిగకూడదు. 5,000 ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, అది బ్యాటరీని కాల్చేస్తుంది. 13.5 కూడా రాకపోతే స్టేటర్ నుంచి వచ్చే ఒకే రంగు మూడు వైర్ల కనెక్టర్ విప్పండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, పిన్నుల చుట్టూ మసి ఉందంటే అక్కడే సగం జవాబు దొరికినట్టు. మీటర్‌ను ఏసీ 200 మీద పెట్టి, వైర్లను రెండేసి చొప్పున మూడు జతలుగా చూడండి. 5,000 ఆర్‌పీఎం దగ్గర మూడు జతలూ దాదాపు ఒకే అంకె చూపించాలి, చాలా బళ్లలో అది 50 వోల్ట్ల పైనే ఉంటుంది. ఒక జత పడిపోతే స్టేటర్ కాలింది. ఇంజిన్ ఆపాక ఏ వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటు పారే దారి) ఉండకూడదు. రెగ్యులేటర్ మార్చాల్సి వస్తే మాస్‌ఫెట్ (ట్రాన్సిస్టర్లతో పనిచేసే) రకం వేయించండి, వేడి తగ్గుతుంది.

తాళాలూ ఇప్పుడే అడగండి. ఇమ్మొబిలైజర్ (సొంత తాళంతో తప్ప స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న యమహా ఆర్1, ఆర్6లకు రెండు నల్ల తాళాలతో పాటు ఒక ఎర్ర తాళం వస్తుంది. కొత్త తాళాన్ని బండికి పరిచయం చేసేది ఆ ఎర్రదే. అది లేకపోతే, ఉన్న తాళం పోయిన రోజు ఈసీయూతో (ఇంజిన్ కంప్యూటర్‌తో) సహా మార్చాల్సి రావచ్చు.

పడిన బండి, మునిగిన బండి

కొత్త ఫెయిరింగ్ తళతళలాడుతుంటే పైన పటారం లోన లొటారం కావచ్చు. అసలు ఫెయిరింగ్‌లో స్క్రూ రంధ్రాలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. రంధ్రాలను రౌండ్ ఫైలుతో పెద్దవి చేసి ఉంటే అది బజారు సరుకు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఫ్రేముకు తగిలే స్టాపర్ చూడండి. అది వంగినా, విరిగినా, వెల్డింగ్ చేసి ఉన్నా బండి గట్టిగా గుద్దుకుంది. ముందు చక్రం గాల్లో ఉండేలా లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో గంటు తగలకూడదు. బెల్లీ పాన్ (ఇంజిన్ కింది తొడుగు) కింద గీతలు మన స్పీడ్ బ్రేకర్లకు మామూలే, కానీ సైలెన్సర్ పైపులు నొక్కుకుపోయాయా, ఆయిల్ సంప్ పగిలి అతికించారా అన్నది పడుకుని చూడాలి.

వరద నీళ్లలో మునిగిన బండి ఎంత కడిగినా గుర్తు వదులుతుంది. సీటు తీసి ఫ్యూజ్ బాక్స్ మూలల్లో వేలు పెట్టి రుద్దండి. నున్నటి ఒండ్రు అంటుకుంటే అది రోడ్డు దుమ్ము కాదు. హెడ్‌లైట్ లోపల గీత, ఆయిల్ మట్టం చూసే గ్లాసులో పాల రంగు, సీటు కింద స్ప్రింగుల తుప్పు కూడా చూడండి. భీమవరం, నరసాపురం వైపు బళ్లకు ఇంకో బెడద ఉంది. రొయ్యల లోడు లారీల నుంచి కారే ఉప్పునీళ్లు రోడ్డంతా పడతాయి. చైన్ ప్లేట్లు, రేడియేటర్ కింది అంచు, బ్రేకు కాలిపర్ బోల్టులు ముందుగా తుప్పు పడతాయి.

ఫోర్కు లోపలి గొట్టం మీద గోరుతో పైనుంచి కిందకు గీయండి. తుప్పు చుక్క తగిలితే కొత్త సీలు వేసినా మళ్లీ కోసేస్తుంది. డిస్క్ మీద కనీస మందం మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది, వెర్నియర్‌తో కొలవండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదేళ్లు దాటిన టైరుకు గాడులు బాగా ఉన్నా రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు ఉండదు. మారుస్తారన్న లెక్కతోనే బేరమాడండి.

మోడల్‌ను బట్టి

2004 నుంచి 2013 దాకా వచ్చిన జీఎస్ఎక్స్-ఆర్‌లకు ముందు బ్రేకు మాస్టర్ సిలిండర్‌పై రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బళ్లను వెనక్కి పిలవడం) వచ్చింది. లోపలి పిస్టన్ తుప్పు పట్టి గ్యాసు చేరి లివర్ మెత్తబడుతుంది. ఛాసిస్ నంబరు చెప్పి అది మార్చారో లేదో కంపెనీలో కనుక్కోండి. 2015 యమహా ఆర్1కు గేర్‌బాక్స్‌పై రీకాల్ ఉంది. 2008, 2009 హోండా సీబీఆర్1000ఆర్‌ఆర్‌లలో కొన్ని ఆయిల్ తాగుతాయి. యమహాల్లో సైలెన్సర్ పైపులో ఉండే ఎగ్జప్ వాల్వు వాడకపోతే పట్టేస్తుంది, ఇగ్నిషన్ ఆన్ చేయగానే దాని మోటారు తిరిగే చప్పుడు రావాలి. డుకాటీ అయితే వాల్వు సర్వీసు బిల్లు చూపించమనండి. ఆ ఒక్క సర్వీసు ఖర్చుతోనే బేరం తలకిందులవుతుంది.

నడిపి చూడటానికి రావులపాలెం, తణుకు మధ్య హైవే లాంటి రోడ్డు కావాలి, కాలువ గట్టు రోడ్డు పనికిరాదు. రెండో గేర్లో 4,000 నుంచి థ్రాటిల్ గట్టిగా తిప్పండి. గేరు జారి న్యూట్రల్లో పడితే డాగ్స్ (గేర్లను ఒకదానికొకటి పట్టి ఉంచే పళ్లు) అరిగాయి, ఇంజిన్ రెండుగా విప్పితే గానీ బాగుపడదు.

బేరం కుదిరాక

ఫారం 29 (అమ్మకం తెలిపేది) రెండు కాపీలు, ఫారం 30 (పేరు మార్పు దరఖాస్తు), ఫైనాన్స్ ఉండి తీరిపోతే ఫారం 35, వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 (ఎన్‌ఓసీ) సంతకాలు డబ్బు ఇచ్చేలోపే తీసుకోండి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా ఆర్టీఓకు తెలపాలి, ఇన్సూరెన్స్ పేరు మార్పు 14 రోజుల్లో అడగాలి.

ఇంటికి తెచ్చిన వారంలోనే ఆయిల్, ఫిల్టరు, కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్చేయండి. ఆయిల్ జాసో ఎంఏ2 (బైకు క్లచ్‌కు సరిపడే) రకం, చాలా బళ్లకు 10డబ్ల్యూ-40. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తోనే సగం సగం కలపండి. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, రేడియేటర్‌లో సున్నం కట్టేస్తాయి. బ్రేకు ఆయిల్ డాట్ 4, రెండేళ్లకోసారి. ఆ పనిలోనే ట్యాంకు మూత తీసి టార్చి వేయండి. ఇప్పటి ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌లోని ఇథనాల్ గాల్లో తేమను లాక్కుంటుంది, సగం ట్యాంకుతో నెలలు నిలబడితే నీళ్లు అడుగున చేరి తుప్పు పుట్టి, పంపు ఫిల్టరు పూడుకుపోతుంది. పాత బండైతే పెట్రోల్ గొట్టాలు ఉబ్బాయేమో చూసి మార్చండి.

వానాకాలంలో బండి ఆపాల్సి వస్తే ట్యాంకు నిండా కొట్టించి, బ్యాటరీకి ట్రికిల్ చార్జర్ (మెల్లగా చార్జి చేసేది) పెట్టి, వెనక స్టాండు మీద ఉంచండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది, గాలాడే గుడ్డ కవరు వాడండి. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం వద్దు, ఇంజిన్లో చెమ్మ చేరి ఆయిల్ పాడవుతుంది. పదిహేను రోజులకోసారి అరగంట నడపండి, వచ్చాక చైన్ ఇంకా వెచ్చగా ఉండగానే లూబ్ కొట్టండి.