మిలటరీ ఇంట్లో ట్రామా థెరపీ మొదలుపెట్టడం ఎలా?

సెలవు మీద వచ్చిన జవాను రాత్రి రెండు గంటలకు లేచి తలుపు గడియలు తడిమి చూసుకుంటున్నాడనో, పెళ్లి భోజనాలకు రానంటున్నాడనో, పిల్లవాడి చేతిలోంచి స్టీలు పళ్లెం జారిపడితే గోడకు అతుక్కుపోయి ఆ తర్వాత గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదనో చెబుతూ ఇంటివాళ్లు నా దగ్గరకు వస్తారు. గోదావరి జిల్లాల్లోనూ ప్రకాశంలోనూ ఇరవై ఏళ్లుగా క్లినికల్ సైకాలజిస్టుగా సైనిక కుటుంబాలతో పనిచేస్తున్నాను. ఇంటికొకరు ఫౌజులో ఉన్న మిలటరీ మాధవరం లాంటి ఊళ్ల నుంచి కూడా మనుషులు వస్తుంటారు. చాలామంది వచ్చేసరికే సగం పని చెడిపోయి ఉంటుంది. ఎవరో మామయ్య ఆయన్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించి ఉంటాడు, లేదా మందుల షాపులో అల్ప్రాజోలం అనే మత్తు మాత్రలు కొని వారం రోజులుగా మింగిస్తూ ఉంటారు. ఈ రెండూ చేయకుండా ట్రామాకు, అంటే మనసుకు తగిలిన గాయానికి, చికిత్స ఎలా మొదలుపెట్టాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదట చూడవలసినవి

భయానక ఘటన జరిగిన తర్వాత కొన్ని వారాల పాటు నిద్ర పట్టకపోవడం, ఉలికిపడడం చాలామందికి ఉంటుంది, ఎక్కువమందికి తగ్గిపోతుంది కూడా. నెల దాటినా పీడకలలు, గుర్తుచేసే చోట్లను తప్పించుకోవడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుండే ఒళ్లు, ఇంట్లోవాళ్ల మీద కూడా మమత చచ్చిపోయినట్టుండడం, ఇవన్నీ కలిసి ఉంటే అది పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) కావచ్చు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల గోడు విన్న తర్వాత అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో ఈ జబ్బుకు పేరు పెట్టింది. ఇది పిరికితనమూ కాదు, గాలి సోకడమూ కాదు.

ఇంట్లో ప్రాణం తీసే వస్తువులు ఏమున్నాయో అదే రోజు చూడండి. రిటైరైన తర్వాత బ్యాంకులో సెక్యూరిటీ గార్డుగా చేరినవాళ్లకు లైసెన్సు తుపాకీ ఉండవచ్చు. దాన్ని పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ జమ చేయవచ్చు. పొలం ఉన్న ఇంట్లో పురుగుమందు డబ్బాలు పశువుల పాకలోంచి తీసి పక్కింట్లో తాళం వేసి పెట్టించండి. క్యాంటీన్ కోటా మీద వచ్చే రమ్ము నిద్రకు మందు కాదు, చికిత్స జరిగినన్నాళ్లూ ఆ సీసా ఇంట్లో ఉండకూడదు. రోజూ తాగే అలవాటుంటే మాత్రం ఒక్కసారిగా మాన్పించవద్దు, అది డాక్టరు చూసుకుంటూ మాన్పించవలసిన పని. అల్ప్రాజోలం విషయంలోనూ అంతే. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం తప్పు, అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్లనే నేను చూశాను. అవునంటే ఆయన్ని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలి

సర్వీసులో ఉన్నవాళ్లు యూనిట్‌లో డాక్టరు చూసే ఎం.ఐ. రూమ్ ద్వారా మిలటరీ ఆస్పత్రి మానసిక వైద్యుడి దగ్గరకు, రిటైరైనవాళ్లు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో రెఫరల్ రాయించుకుని వెళ్తారు. ఫోనులో మొదలుపెట్టాలనుకుంటే 14416కు చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, పగలూ రాత్రీ ఉంటుంది. సైనికుల కోసం 2023 డిసెంబరులో పుణె సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. బయట సైకాలజిస్టును ఎంచుకుంటే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగినందుకు నొచ్చుకునేవాళ్ల దగ్గరకు వెళ్లవద్దు.

జవాన్లు వెనకాడేది ఎక్కువగా మెడికల్ కేటగిరీ గురించి. సైన్యంలో ఆరోగ్యాన్ని లెక్కగట్టే షేప్ (SHAPE) వర్గీకరణలో మొదటి అక్షరమే మానసిక స్థితిది, అది కిందికి జరిగితే ప్రమోషన్ ఆగుతుందన్న భయం ఉట్టిది కాదు, దాన్ని ఇంటివాళ్లు కొట్టిపారేయకూడదు. అయితే చికిత్స లేకుండా ఏళ్లు గడిచి, తాగి డ్యూటీకి వెళ్లడమో పై అధికారి మీద చేయి ఎత్తడమో జరిగితే పోయేది కేటగిరీ ఒక్కటే కాదని నిదానంగా చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉండే హక్కును ఇచ్చింది. గోప్యతకు హద్దు ఎక్కడో మొదటి రోజే థెరపిస్టును అడిగి తెలుసుకోండి.

ఏ చికిత్స

మూడు పద్ధతులకు గట్టి ఆధారాలున్నాయి. జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ చెప్పించి, తప్పించుకుంటున్న చోట్లకు మెల్లగా తీసుకెళ్లే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ ఒకటి. ఇది 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కొక్కటి 90 నిమిషాలు. ఘటన తర్వాత మనసులో ఇరుక్కుపోయిన నమ్మకాలను రాయించి పరీక్షించే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ రెండోది, 12 సిట్టింగులు. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎమ్‌డీఆర్ మూడోది. నేను మొదటి రెండింటినే చేస్తాను. వాటిలో ఇంటి దగ్గర చేయవలసిన పని ఉంటుంది, ఆ పని జవానుకు డ్రిల్లులా అర్థమవుతుంది. సెలవు చాలదన్న దిగులూ అక్కరలేదు: అమెరికా సైనికుల మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో రెండు వారాల్లో రోజూ చేసిన 10 సిట్టింగులు, ఎనిమిది వారాల మీద చేసిన వాటికి తీసిపోలేదు. సెలవు మొదటి వారంలోనే మొదలుపెట్టాలి, ఉదయం పూటే పెట్టుకోవాలి. సాయంత్రం సిట్టింగు ఇచ్చేవాళ్లను నేను ఒప్పుకోను, దాని అలజడి తగ్గకముందే పడుకునే వేళ అవుతుంది.

పూర్వజన్మ చూపిస్తామనేవాళ్లూ, ఒక్క రోజు శిబిరంలో గాయం మాన్పుతామనేవాళ్లూ పట్నాల్లో ఎక్కువయ్యారు. వాళ్ల దగ్గర డబ్బూ సెలవూ రెండూ పోగొట్టుకుని వచ్చిన దంపతులను చూసినప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత ఆ మనిషిని అసలు చికిత్సకు ఒప్పించడం రెట్టింపు కష్టమవుతుంది.

అసలు కష్టమైన మెట్టు: జరిగింది చెప్పించడం

పని చెడేదంతా ఇక్కడే, కాబట్టి ఈ భాగాన్ని ఇంట్లో పెద్దవాళ్లందరూ చదవాలి.

మనసులో ఉన్నది కక్కేస్తే బరువు దిగుతుందని మనవాళ్ల నమ్మకం. అత్తా ఆడపడుచూ మధ్య జరిగిన మాటకు అది పనికొస్తుందేమో గానీ ఈ జ్ఞాపకానికి పనికిరాదు. మామూలు జ్ఞాపకం జరిగిపోయినదిగా గుర్తొస్తుంది. ఇది వాసనతో, చప్పుడుతో, చెమటతో ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది. ఇంట్లో అడిగినప్పుడు ఆయన చెప్పడం మొదలుపెట్టి, అన్నిటికంటే ఘోరమైన చోటికి రాగానే ఆపేసి లేచిపోతాడు. భయం శిఖరం మీద ఉండగా పారిపోయాడు కాబట్టి, దీన్ని తట్టుకోవడం నా వల్ల కాదని మనసు మరోసారి నేర్చుకుంటుంది. థెరపీలో జరిగేది దీనికి సరిగ్గా విరుద్ధం. మొదటి రెండు సిట్టింగుల్లో ఏం చేయబోతున్నామో వివరించి, నిదానంగా ఊపిరి తీసుకోవడం నేర్పి, మూడో సిట్టింగులో గానీ జ్ఞాపకం జోలికి వెళ్లం. అప్పుడు ఆయన కళ్లు మూసుకుని, ఇప్పుడు జరుగుతున్నట్టే చెబుతాడు. భయం ఎంతుందో 0 నుంచి 100 లోపు ఒక అంకె చెప్పమని మధ్య మధ్యలో అడుగుతాం. ఘోరమైన చోట ఆగి, దాన్నే మళ్లీ మళ్లీ చెప్పిస్తాం. 90 అన్నవాడు కొన్ని సిట్టింగుల తర్వాత అదే చోట 30 అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఒక కౌన్సెలర్ మొదటి రోజే అంతా చెప్పించేసి పంపిన హవల్దారు ఒకాయన, ఆ తర్వాత ఏడాది పాటు ఏ ఆస్పత్రి గుమ్మమూ తొక్కకుండా ఉండి, అప్పుడు నా దగ్గరకు వచ్చాడు.

ఏ భాషలో చెప్పాలన్నది ఎవరూ ఆలోచించరు. శ్రీకాకుళం కుర్రవాడే అయినా ఆ రోజు వినిపించిన కేకలు, వైర్‌లెస్ మాటలు, ఆఖరి పిలుపు హిందీలో ఉంటాయి. తెలుగులోకి తిప్పి చెబుతుంటే వేరెవరికో జరిగిన కథలా చల్లగా సాగిపోతుంది, అంకె 40 దాటదు. ఏ భాషలో జరిగిందో ఆ భాషలోనే చెప్పనివ్వాలి, ఆ భాష వచ్చిన థెరపిస్టునే వెతుక్కోవాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

చెప్పినదంతా రికార్డు చేసి ఆయనకే ఇస్తాం, రోజూ ఇంట్లో వినాలి. ఆ సమయానికి ఒక గది ఖాళీ చేసి ఇవ్వడం, తలుపు దగ్గరకు ఎవరినీ రానివ్వకపోవడం మీ పని. అది ఇయర్‌ఫోన్‌లో వినాలి, పగటిపూట వినాలి, భార్య అయినా సరే దాన్ని వినకూడదు. సిట్టింగు నుంచి వస్తున్నప్పుడు బండి ఆయన నడపకూడదు, బస్సులో రండి. ఇంటికొచ్చాక రెండు గంటలు ఏమీ అడగవద్దు, అన్నం పెట్టండి. మొదటి రెండు వారాల్లో పీడకలలు పెరగవచ్చు. సరిగ్గా ఇక్కడే ఇంటివాళ్లు బెదిరిపోయి మాన్పించేస్తారు, సగం కోసి వదిలేసిన ఆపరేషన్‌లా అవుతుంది. పెరిగిన సంగతి థెరపిస్టుకు చెప్పండి, రావడం మాత్రం ఆపవద్దు.

ఇంకొక జాగ్రత్త ఓదార్పు విషయంలో. జ్వరంగా ఉందని నాయక్ ర్యాంకు జవాను ఒకాయన ఒక రాత్రి డ్యూటీ తన బడ్డీకి, అంటే జోడీగా ఉండే తోటి జవానుకు, ఇచ్చాడు, తెల్లారేసరికి బడ్డీ లేడు. ఇంటికొచ్చాక వాళ్లమ్మ తల నిమురుతూ "నీకు ఆయుష్షుంది నాయనా, దేవుడు చల్లగా చూశాడు" అంది. ఆయన చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసు గట్టు మీద పెట్టి డాబా మీదికి వెళ్లిపోయాడు, మూడు రోజులు అన్నానికి దిగలేదు. వాడిని దేవుడు ఎందుకు చూడలేదమ్మా అన్న ప్రశ్న నా గదిలో బయటపడడానికి ఐదు సిట్టింగులు పట్టింది. అమ్మది ప్రేమే, నేను కాదనను. కానీ "నీ తప్పు లేదు" అన్న మాట ఇంట్లో ఎవరన్నా, నిజం తెలియక అంటున్నారనే ఆయనకు అనిపిస్తుంది. ఆ రాత్రి తనకు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది ఆయనే ఒక్కొక్కటిగా రాసుకుని అక్కడికి చేరాలి. ఆయనంతట ఆయన నోరు విప్పితే మధ్యలో ప్రశ్నలు వేయకుండా వినండి, "విన్నాను, ఈ మాట రేపు అక్కడ కూడా చెప్పండి" అనండి, అంతకు మించి వద్దు.

తప్పించుకునే అలవాటుకు ఇల్లు తోడుపడడం కూడా ఇలాంటిదే. చీమకుర్తి గ్రానైట్ క్వారీల పక్క ఊళ్లో ఒక ఇంట్లో బ్లాస్టింగు వేళకు భార్య రోజూ టీవీ సౌండు పెంచి, కిటికీలు మూసేది. నాలుగేళ్లు అలా గడిచాయి, నాలుగేళ్లూ ఆయన భయం తగ్గలేదు. మేము మొదట కిటికీ ఒక రెక్క తీయించాం, వారానికి రెండో రెక్క, తర్వాత అరుగు మీద, చివరికి డాబా మీద ఆమె పక్కన నిలబడి ఆ చప్పుడు వినడం. ప్రమాదం లేని చోట్ల మాత్రమే ఇలా చేయాలి, క్రమం థెరపిస్టు వేయాలి. చూపించేద్దామని దీపావళి రాత్రి సందు మొగన నిలబెట్టకండి.

దంపతులు, పిల్లలు

ఆయన పోస్టులో ఉన్నన్నాళ్లూ బ్యాంకు పని, స్కూలు ఫీజు, మామగారి మందులు అన్నీ ఆమే చూసుకుంది. ఆయన వచ్చి ఇల్లంతా యూనిట్‌లా నడవాలంటే గొడవ రాకుండా ఉండదు. దంపతులిద్దరినీ కూర్చోబెట్టి పీటీఎస్‌డీకి చేసే థెరపీ ఒకటుంది, 15 సిట్టింగులు, అందులో తప్పించుకునే చోట్లకు ఇద్దరూ కలిసే వెళ్తారు. ఇంట్లో కొట్టడం జరుగుతుంటే మాత్రం దంపతుల థెరపీ మొదలుపెట్టనే కూడదు, ముందు ఆమె క్షేమం చూడాలి, ఆమెకు వేరే థెరపిస్టు ఉండాలి. ఆమెలో కూడా గాయం ఉంటుంది. ఫోను మోగిన ప్రతిసారీ గుండె జారిన సంవత్సరాలు అవి.

పీడకలలో ఉన్నవాడిని భుజం పట్టి ఊపవద్దు, మంచానికి దూరంగా నిలబడి లైటు వేసి, రోజూ పిలిచే పిలుపుతోనే పిలవండి, "ఏవండీ, ఇంట్లో ఉన్నాం" అనండి. పిల్లలకు "నాన్నకు ఆ చప్పుడు వింటే పాత భయం వస్తుంది, నీ వల్ల కాదు, డాక్టరు దగ్గరకు వెళ్తున్నారు" అని చెబితే సరిపోతుంది. వివరాలు అక్కర్లేదు.

సెలవు అయిపోయేటప్పుడు

చివరి సిట్టింగు రైలెక్కే ముందు రోజు పెట్టుకోవద్దు, కనీసం నాలుగు రోజుల ముందు ముగించండి. ఏం నేర్చుకున్నాడో, ఏ గుర్తులు కనిపిస్తే మళ్లీ మొదలైనట్టో, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఆయన చేతే ఒక కాగితం మీద రాయించండి. థెరపిస్టుతో ఫోన్లో మాట్లాడే మొదటి తేదీ, 14416 కూడా అందులో ఉండాలి. నకలు భార్య దగ్గర ఉంచండి. ఆయన కాగితం నల్ల ట్రంకు పెట్టె అడుగున బట్టల కింద పెట్టుకోకుండా, పర్సులో ఐడీ కార్డు వెనకాల పెట్టుకునేలా చూడండి.