పడవలో వంటకు సామాను ఎంచుకోవడం ఎలా

కదిలే పడవలో వంట చేసేవారికి రెండు చేతులూ ఒకేసారి ఖాళీగా దొరకవు. ఒక చెయ్యి కమ్మీనో బల్ల అంచునో పట్టుకొని ఉండక తప్పదు కాబట్టి, మిగిలిన ఒక్క చేత్తో మూత తీయగలమా, గిన్నె దించగలమా, నీళ్లు వంచగలమా అన్నదే ప్రతి వస్తువుకూ పెట్టవలసిన మొదటి పరీక్ష. ఇంట్లో ఏళ్ల తరబడి చక్కగా పనిచేసిన సామాను కూడా ఈ పరీక్షలో తప్పిపోవచ్చు. అందుకని ఇంటి వంటగదిలో ఉన్నవాటినే చిన్న సైజులో కొని తెచ్చుకోవడం సరైన పద్ధతి కాదు. ముందుగా పొయ్యి సంగతి తేల్చుకొని, దాని కొలతలను బట్టి గిన్నెలను, ఆ గిన్నెలను బట్టి మిగతావాటిని ఎంచుకోవాలి.

తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరిగి, గంటల తరబడి అలాగే సాగిపోతుంది. అటువంటి పడవలో పొయ్యిని వంటగట్టుకు బిగించకుండా, రెండు పక్కలా ఇరుసుల మీద ఊయలలా వేలాడదీస్తారు. ఆ ఇరుసుల వరుస పడవ పొడవు దిశలోనే ఉంటే, పడవ ఏ పక్కకు ఒరిగినా పొయ్యి తన బరువుతో తాను మట్టంగా నిలుస్తుంది. ఇటువంటి పొయ్యి తీసుకొనే ముందు పెద్ద గిన్నెను సగం వరకు నీళ్లతో నింపి దానిమీద పెట్టి, చేత్తో ఒక పక్కకు నెట్టి చూడండి. నాలుగైదు సార్లు ఊగి మళ్లీ మట్టానికి వస్తే మంచిదే. వాలిన పక్కనే ఉండిపోతే పైబరువు ఎక్కువైనట్లు. అడుగున బరువు బిగించాలి, లేదా వేరే పొయ్యి చూసుకోవాలి. ఓవెన్ ఉన్న పొయ్యి అయితే తలుపు తెరిచి కూడా గమనించండి. తలుపు బరువు ముందుకు రాగానే పొయ్యి మొత్తం వంటవారి వైపు వంగుతుంది, పైన మరుగుతున్న గిన్నె ఉంటే అది జారేది వారి మీదకే. ఊగకుండా ఆపే గడియ గట్టిగా లేని పొయ్యిని ఎంత చవకగా వచ్చినా వదిలేయమనే నా సలహా. పొయ్యి వెనుక అది ఊగడానికి తగినంత చోటు, గ్యాసు పైపులో ఆ కదలికకు సరిపడా వదులు ఉన్నాయో లేదో కూడా కొలిచి చూసుకోవాలి.

అంతగా ఒరగని మరపడవల్లోనూ, రెండు దోనెలను పక్కపక్కన జోడించినట్లుండే కాటమరాన్ పడవల్లోనూ బిగించిన పొయ్యి సరిపోతుంది. అయితే పొయ్యి ఏ రకమైనా సరే, చుట్టూ అంచు కమ్మీలు, గిన్నెను రెండు పక్కలా ఒడిసిపట్టే బిగింపులు ఉండి తీరాలి.

ఇంధనం విషయంలో తొందరపాటు పనికిరాదు. వంటగ్యాసు త్వరగా వేడినిస్తుంది, చాలాచోట్ల దొరుకుతుంది. కానీ ప్రొపేన్ వాయువు గాలికంటే సుమారు 1.5 రెట్లు, బ్యూటేన్ సుమారు 2 రెట్లు బరువైనవి. ఇంట్లో గ్యాసు కారితే తలుపులు తీసి బయటకు పంపేయవచ్చు. పడవలో అది దిగువకు జారి అడుగు భాగంలో చేరి, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటుంది. అందువల్ల సిలిండరును లోపల కాకుండా, బయటి నుంచే తెరుచుకొనే విడి అరలో ఉంచాలి. కారిన వాయువు నేరుగా పడవ బయటకు పోయేలా ఆ అర అడుగున గొట్టం ఉండాలి. గ్యాసును పసిగట్టే పరికరాన్ని కింద, నేలకు దగ్గరగా అమర్చాలి. వంట ముగిశాక ముందు సిలిండరు వాల్వు మూసి, పైపులో మిగిలిన గ్యాసు మండి మంట దానంతట అది ఆరిపోయాక పొయ్యి మీట కట్టడం మంచి అలవాటు.

స్పిరిట్ (ఆల్కహాలు) పోసి వెలిగించే పొయ్యికి ఈ భయం తక్కువ, అమరికా తేలిక. దాని వేడి మాత్రం తక్కువ. బరువును బట్టి లెక్కిస్తే గ్యాసు ఇచ్చే శక్తిలో స్పిరిట్ ఇచ్చేది దాదాపు 60 శాతమే. పైగా పగటి వెలుతురులో దాని మంట సరిగా కంటికి కనిపించదు కాబట్టి, వేడిగా ఉన్న పొయ్యిలో ఎన్నడూ మళ్లీ స్పిరిట్ పోయకూడదు.

ఇండక్షన్ పొయ్యి కొనాలనుకొనేవారు ముందు బ్యాటరీ లెక్క వేసుకోవాలి. 2000 వాట్ల పొయ్యి 12 వోల్టుల బ్యాటరీ నుంచి, ఇన్వర్టరులో పోయే నష్టంతో కలిపి, సుమారు 180 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ ఆ లెక్కన అరగంటకు కాస్త పైచిలుకు వస్తుంది, అంతే. బ్యాటరీలు ఎక్కువగా ఉండి, వాటిని మళ్లీ నింపే దారి ఉన్నప్పుడే అది నమ్మదగిన పొయ్యి.

పడవలోకి ఒకే ఒక గిన్నె తీసుకువెళ్లనిస్తే నేను ప్రెషర్ కుక్కరునే ఎంచుకుంటాను. దాని మూత గడియ పడి బిగుసుకుంటుంది. పడవ ఎంత కుదిపినా లోపలి వేడి పదార్థం ఒలికి ఒంటిమీద పడదు. లోపల నీరు దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరడం వల్ల గింజలు, దుంపలు త్వరగా ఉడుకుతాయి, ఇంధనం మిగులుతుంది, నీరు కూడా తక్కువ పడుతుంది. ఇరుకు గదిలో ఆవిరి తగ్గడం మరో లాభం. మామూలు గిన్నెల్లో గంటసేపు ఉడికిస్తే ఆ ఆవిరంతా కప్పుకు పట్టి, చల్లబడి, పరుపుల మీద చుక్కలుగా రాలుతుంది. పొడుగు పిడికి ఎదురుగా చిన్న చెవి కూడా ఉన్నదీ, మూత బిగిసిందో లేదో చూడగానే తెలిసేదీ ఎంచుకోండి. ఏ సమయంలోనూ మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు. పొంగే పప్పుదినుసులకు సగమే హద్దు.

మిగతా గిన్నెలు స్టెయిన్‌లెస్ స్టీలువి ఉండాలి. 304 రకం మామూలు వాడకానికి సరిపోతుంది. సుమారు 2 శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పునీటికి ఇంకా బాగా తట్టుకుంటుంది. పోత ఇనుము ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, పూత లేని అల్యూమినియం ఉప్పునీటితో గుంటలు పడుతుంది, ఎనామిల్ గిన్నె పెచ్చు లేచిన చోటల్లా తుప్పుకు దారి ఇస్తుంది. వెడల్పుగా పల్లెంలా ఉన్నవాటికంటే లోతుగా, నిటారు గోడలతో ఉన్నవి మేలు. పిడి ఊడివచ్చి ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే గిన్నెల సెట్టు చాలా చోటు మిగులుస్తుంది, కానీ పిడి బిగింపు వదులుగా ఉంటే అంతకంటే ప్రమాదకరమైనది లేదు. దుకాణంలోనే నీళ్లు నింపి ఎత్తి చూడండి. నూనెలో వేయించే మూకుడు అసలు తీసుకువెళ్లకండి. కుదిపే పడవలో కాగే నూనె ఎవరి అదుపులోనూ ఉండదు.

కెటిల్‌కు వెడల్పైన అడుగు, ఊడిపోని మూత అవసరం. కప్పును చేత్తో పట్టుకొని వేడినీళ్లు పోయడం పడవలో ఒళ్లు కాల్చుకొనే దారి. కప్పును సింకులో పెట్టి అక్కడే పోస్తే, తొణికినా నష్టం లేదు. మంచి స్టీలు ఫ్లాస్కు కూడా ఒకటి కొనండి: ఉదయం సముద్రం కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడు కాచి పోసుకుంటే, రాత్రి కాపలా ఉండేవారు పొయ్యి వెలిగించే పనే ఉండదు.

తినడానికి అంచు ఎత్తుగా ఉన్న లోతు గిన్నెలు మంచివి. కంచాలు పనికిరావు, గాజు మరీ పనికిరాదు, ఎందుకంటే చాలామంది పడవలో చెప్పులు లేకుండా తిరుగుతారు. చాకులకు తొడుగులు, కూరగాయలు తరిగే పలకకు అడుగున రబ్బరు కాళ్లు ఉండాలి; ఆ పలక సింకు మీద సరిగ్గా కూర్చొంటే తరిగేందుకు మరొక చోటు దొరికినట్లే. చాకులను అంటించుకొనే అయస్కాంతపు పట్టీ ఇంట్లో సౌకర్యమే గాని, దిక్సూచికి దగ్గరలో గోడకు బిగిస్తే అది దారి తప్పు చూపిస్తుంది.

గిన్నెలు సముద్రపు నీటితో తోమి, చివర కొద్దిపాటి మంచినీటితో తొలిచేస్తే ఎంతో నీరు ఆదా అవుతుంది. మంచినీటికి కాలితో తొక్కే పంపు పెట్టించుకోండి. చేతులు ఖాళీగా ఉంటాయి, అవసరమైన మేరకే నీరు వస్తుంది. రేవులోని నీళ్లను మాత్రం ఇందుకు వాడవద్దు.

ఇక వంట చేసే మనిషికి కావలసినవి: పొయ్యి ముందు అడ్డంగా ఒక గట్టి కమ్మీ, నడుముకు ఆనుకొనే పట్టీ, మోకాళ్ల కిందికి దిగే మందపాటి జలనిరోధక ఏప్రాన్. మంటలార్పే దుప్పటిని పొయ్యి వెనుక గోడకు తగిలించకూడదు. మంట లేచినప్పుడు దానిమీదుగా చెయ్యి చాపకుండా అందేలా పక్కన, దారికి దగ్గరగా ఉండాలి. మంట నుంచి పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడును గుర్తించే అలారం కూడా తప్పనిసరి, వణికించే చలిలో కూడా వంట పొయ్యిని గది వెచ్చదనం కోసం వెలిగించరాదు.

చివరగా కుక్కరు రబ్బరు రింగులు రెండు, సేఫ్టీ వాల్వు ఒకటి, పొయ్యి బర్నరు విడిభాగాలు, లైటరుతో పాటు తడవని డబ్బాలో అగ్గిపెట్టెలు ఒక సంచిలో వేసి, ఆ సంచి ఏ అరలో ఉందో పడవలో ఉన్న అందరికీ చూపించండి.