ఇల్లు అమ్మే ముందు బోరు నీళ్ల పరీక్ష: రిపోర్టు తేడాగా వస్తే

ఇల్లు అమ్మకానికి పెట్టకముందే బోరు నీళ్లు పరీక్ష చేయించండి. బేరం కుదిరాక రిపోర్టు తేడా కొడితే ఆ టెన్షన్‌లో కారణం వెతికే ఓపిక ఉండదు. బోరులో ఇంత క్లోరిన్ పోసేసి చేతులు దులుపుకుంటారు. రేపు ఆ నీళ్లు తాగేది కొన్నవాళ్ల పిల్లలు.

సమస్య: కోలిఫామ్ బ్యాక్టీరియా ఉంది

బయటి మురికి నీళ్లలోకి చేరుతుండొచ్చని చెప్పే క్రిములివి. తాగే నీళ్లలో 100 మిల్లీలీటర్లకు ఒక్కటి కూడా ఉండకూడదు. అయితే ముందు అనుమానించాల్సింది శాంపిల్‌నే. కుళాయి మూతికున్న జాలీ విప్పారా? కొన్ని నిమిషాలు నీళ్లు వదిలాక పట్టారా? సీసా అంచుకు వేలు తగిలిందా? ల్యాబ్ ఇచ్చిన సీసాను కడగకూడదు. అడుగున కనిపించే పొడి మురికి కాదు, నీళ్లలో క్లోరిన్ ఉంటే దాన్ని విరిచే మందు. శాంపిల్‌ను చల్లగా ఉంచి 24 గంటల్లోపు చేర్చాలి. వీటిలో ఏది తప్పినా మళ్లీ పట్టండి.

శాంపిల్‌లో లోపం లేకపోతే బోరు దగ్గరికెళ్లి వంగి చూడండి. కేసింగ్ (బోరులో దించిన పైపు) మూత పగిలిందా, వైరు దూర్చిన కంత తెరిచే ఉందా, చుట్టూ సిమెంటు బీటలిచ్చి వాననీళ్లు నిలుస్తున్నాయా? ముందు ఆ దారి మూయాలి. ఆ తర్వాతే క్లోరినేషన్. మందు నీళ్లు బోరులో, పైపుల్లో 12 నుంచి 24 గంటలు నిలిచాక, వాసన పోయేదాకా తోడేయాలి. వారం పది రోజులాగి మళ్లీ పరీక్ష. క్లోరిన్ పోకముందే పట్టిన శాంపిల్ బాగుందనే వస్తుంది, దాన్ని నమ్మొద్దు.

ఇ.కోలై కూడా ఉంటే మలం కలుస్తున్నట్టే. దగ్గర్లోని సెప్టిక్ ట్యాంకు, పశువుల కొట్టం చూడండి. బాగయ్యేదాకా మరిగించి తాగాలి.

సమస్య: నైట్రేట్ ఎక్కువ

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. ఎరువుల నుంచో మురుగు నుంచో దిగుతుంది. మరిగిస్తే నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది, క్లోరిన్‌కూ లొంగదు. వంటింటి కుళాయికి ఆర్‌ఓ పెట్టించండి. పసిబిడ్డల పోతపాలలో ఈ నీళ్లు అస్సలు కలపొద్దు.

సమస్య: కుళ్లిన గుడ్ల వాసన

వేడినీళ్లకే వస్తే తప్పు చాలావరకు గీజర్‌లోని మెగ్నీషియం కడ్డీది, మార్పించండి. చన్నీళ్లకూ ఉంటే బోరులోనే చూడాలి.

మొదట వచ్చిన చెడ్డ రిపోర్టు దాచొద్దు. రిపేరు బిల్లు, రెండో రిపోర్టుతో కలిపి కొనేవాళ్ల చేతికివ్వండి.