పాత అంబాసిడర్‌లో మీటర్లు మార్చాలంటే

పెట్రోల్ ముల్లు లేవకపోతే మీటర్ పోయిందనుకుని నేరుగా డ్యాష్‌బోర్డుకు స్క్రూడ్రైవర్ పెట్టేస్తారు. చాలాసార్లు మీటర్ బాగానే ఉంటుంది. ట్యాంకులో పెట్రోల్ మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోటో, దాన్ని బాడీకి కలిపే ఎర్తో పోయుంటుంది.

ముందు తాళం తిప్పి ముల్లును చూడండి. మెల్లగా ఎక్కితే అది లోపలి పట్టీ వేడెక్కి వంగే రకం. దాని వెనక దాదాపు 10 వోల్టులిచ్చే స్టెబిలైజర్ ఉంటుంది. ఆ కరెంటు ఆగి ఆగి వస్తుంది కాబట్టి డిజిటల్ మల్టీమీటర్‌లో అంకెలు ఎగిరిపడతాయి, అది లోపం కాదు. పెట్రోల్, టెంపరేచర్ ముళ్లు రెండూ కలిసి ఎక్కువ చూపిస్తుంటే మీటర్లు కొనకండి, ముందు స్టెబిలైజర్ డబ్బా ఎర్త్ చూడండి.

ఫ్లోట్ పరీక్షకు తాళం ఆపి ట్యాంకు దగ్గరి వైరు విప్పండి. దానికి పొడవాటి వైరు కలిపి బండి ముందుకు తెచ్చుకోండి. నిప్పురవ్వ ఎగిరినా పెట్రోల్ ఆవిరికి దూరంగా ఉండాలి. తాళం తిప్పి, మధ్యలో 12 వోల్టుల 5 వాట్ల బల్బు పెట్టి కాసేపు బాడీకి తాకించండి. పట్టీ వేడెక్కే రకంలో, విప్పినప్పుడు ఖాళీ దగ్గర, తాకించినప్పుడు నిండుగా చూపితే మీటర్ బాగున్నట్టే. డ్యాష్ జోలికి పోనక్కర్లేదు.

విప్పక తప్పదంటే బ్యాటరీతో మొదలుపెట్టండి. గుడ్డిగా మైనస్ తీయకండి. బాగా పాత బండ్లలో ప్లస్సే బాడీకి ఉండొచ్చు. ఏది ఎర్త్ అయితే అది తీయాలి. కరెంటు ఎంత పోతోందో చూపే ఆంపియర్ మీటరున్న బండిలో ఇది మరీ ముఖ్యం. సెల్ఫ్ మోటారుది తప్ప బండి కరెంటు దాదాపు అంతా దాని గుండానే పోతుంది, మామూలుగా మధ్యలో ఫ్యూజుండదు. బ్యాటరీ కలిపే ఉంచి దాని నట్టు విప్పుతుంటే పానా బాడీకి తగిలిందా, వైరింగ్ మొత్తం కాలిపోతుంది.

మీటర్ల బోర్డును ముందుకు గుంజకముందే కింది నుంచి చెయ్యి పోనిచ్చి స్పీడోమీటర్ కేబుల్ చుట్టునట్టును వేళ్లతో వదులు చేయండి. కేబుల్ మడత పడిందంటే తర్వాత ముల్లు వణుకుతూనే ఉంటుంది. ఆయిల్ ప్రెషర్‌కు సన్నని రాగిగొట్టం ఉంటే కింద గుడ్డ పరచండి. టెంపరేచర్ మీటర్ గొట్టం రకమైతే అది ఇంజిన్ దాకా ఒకే ముక్క. కోస్తే, నులిమితే ఇక పనికిరాదు. ఇంజిన్ చల్లారాక దానిలోకి దిగిన బల్బు చివర (లైటు బల్బు కాదు, వేడిని పట్టే గొట్టం కొస) విప్పి మొత్తంగా బయటికి తీయాలి.

ప్రతి వైరుకూ టేపు చుట్టి నంబరు రాయండి, ఫోటో తీయండి. బ్రిటిష్ పద్ధతిలో నలుపు ఎర్త్, ఆకుపచ్చ-నలుపు ఫ్లోట్, ఆకుపచ్చ-నీలం టెంపరేచర్. కానీ చేతులు మారిన బండిలో రంగును నమ్మడానికి లేదు. మన నల్లగొండ, పాలమూరు ఎండల్లో ఏళ్లు నిలబడ్డ వైరు వంచితే పూత రాలుతుంది. చేను దగ్గరి కొట్టంలో పెట్టిన బండైతే ఎలుకలు కొరికిన చోట్లూ కనిపిస్తాయి. ఎలాగూ బోర్డు బయటుంది కాబట్టి ఆ ముక్కలు ఇప్పుడే మార్చేయండి.

హైదరాబాద్ నుంచి పాత స్పీడోమీటర్ తెస్తే డయల్ మీది చిన్న అంకె చూడండి. కిలోమీటరుకో, మైలుకో కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేది అదే. మీ పాతదానితో కలవకపోతే వేగం తప్పే చూపుతుంది. లోపలి తీగకు గ్రీజు పలచగా రాసి, మీటర్ వైపు జానెడు పొడిగా వదిలేయండి. లేదంటే గ్రీజు పైకెక్కి మీటర్‌లోకి చేరుతుంది. లైట్లకు 2.2 వాట్ల బల్బులు చాలు, పెద్దవి పెడితే డయల్ రంగు మాడుతుంది.

బోర్డు బిగించకముందే మీటర్ల ఒంటికి ఒక వైరుతో ఎర్త్ ఇచ్చి, బ్యాటరీ కలిపి అన్నీ చూసుకోండి. ఇంజిన్ నడిపి రాగిగొట్టం దగ్గర ఆయిల్ కారుతోందేమో చూడండి. తర్వాత జడ్చర్ల దగ్గరో నార్కట్‌పల్లి దగ్గరో హైవే ఎక్కి, పక్కన కూర్చున్నవాళ్లతో రాయి నుంచి రాయికి టైం చూపించండి. ముల్లు గంటకు 60 కిలోమీటర్ల మీద నిలిచినప్పుడు కిలోమీటరుకు సరిగ్గా 60 సెకన్లు పట్టాలి.