కొత్త పార్ట్ వేశాక కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోందా? ముందు ఇవి చూడండి

కొత్త గ్రాఫిక్స్ కార్డో, ర్యామో వేసుకున్న సంబరం ఒక్కోసారి ఒక్క సాయంత్రం కూడా నిలవదు. బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటూ ఉంటే స్క్రీన్ టక్కున నల్లబడి, ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా అరిచి, మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతుంది. మర్నాడు మూడు గంటలు గేమ్ ఆడినా ఏమీ కాదు. ఆ తర్వాతి రోజు ఏ పనీ చెప్పకుండా వదిలేసి పక్క గదిలోకి వెళ్లొస్తే, తనంతట తానే రీస్టార్ట్ అయిపోయి లాగిన్ స్క్రీన్ చూపిస్తూ ఉంటుంది. అప్పుడు మనమంతా మొదట చేసేది కొత్త పార్ట్‌ని తిట్టుకోవడం, రెండోది విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. రెండూ తొందరపాటే.

కొత్త పార్ట్ పాడై రావడం జరగదని కాదు. కానీ దాన్ని వేసేటప్పుడు మన చెయ్యి తగిలి ఇంకేదో వదులవడం, లేదా కొత్తదాని కరెంటు లోడ్ పాతవాటి మీద పడి అవి మోయలేకపోవడం, నేను చూసినంతలో ఇవే ఎక్కువ. అందుకే "ఏం వేశాను" అని ఒక్కటే కాదు, "వేసేటప్పుడు ఏమేం కదిలించాను" అని కూడా ప్రశ్నించుకోవాలి.

నా సంగతే చెప్తాను. ఒకసారి రెండు ర్యామ్ స్టిక్స్ మార్చాను. ఆ రాత్రి నుంచే క్రాష్‌లు. ర్యామ్ మార్చాను కాబట్టి తప్పు ర్యామ్‌దే అని ఫిక్స్ అయిపోయి, రెండు రోజులు మెమరీ టెస్టులు నడిపాను. ఒక్క ఎర్రర్ లేదు. చివరికి టార్చ్ పట్టుకుని కేసులోకి చూస్తే, ర్యామ్ స్లాట్ల పక్కనే మదర్‌బోర్డ్‌కి దిగే లావుపాటి 24 పిన్ల కేబుల్ ఒక చివర గోరు మందం పైకి లేచి ఉంది, క్లిప్ కొక్కెంలో పడలేదు. స్టిక్స్ బయటికి లాగేటప్పుడు నా వేళ్లే దాన్ని కదిపాయి. బొటనవేలితో నొక్కితే టిక్ అని చప్పుడైంది, అంతే, రెండు రోజుల టెన్షన్ అక్కడితో పోయింది.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ జోలికీ పోకముందే కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, కేసు ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని మూత తియ్యండి. 24 పిన్ల కేబుల్, ప్రాసెసర్ దగ్గర మూలన ఉండే 8 పిన్ల కేబుల్, గ్రాఫిక్స్ కార్డ్ కేబుళ్లు ఒక్కొక్కటీ పీకి మళ్లీ పెట్టండి. చూస్తే పెట్టినట్టే ఉంటాయి, చూపుని నమ్మొద్దు. ర్యామ్ కూడా తీసి మళ్లీ బిగించండి. రెండే స్టిక్స్ ఉంటే, నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, మాన్యువల్‌లో ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. ఒక్క హెచ్చరిక: పవర్ సప్లై మార్చినవాళ్లు పాత సప్లై కేబుళ్లని కొత్తదానికి తగిలించొద్దు. కనెక్టర్ దూరినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, అలాంటప్పుడు క్రాష్‌తో పోదు, డ్రైవులు కాలిపోతాయి.

ఇక క్రాష్ ఎలాంటిదో గమనించాలి. విండోస్‌లో ఎర్రర్ చూపే బ్లూ స్క్రీన్ (విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఇది నల్లగా ఉంటుంది) వచ్చిన వెంటనే రీస్టార్ట్ అయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది కాబట్టి, దాన్ని చదివే టైమే దొరకదు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ, అక్కడ ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ చేయమనే టిక్ తీసెయ్యండి. ఇకమీదట బ్లూ స్క్రీన్ వస్తే అక్కడే ఆగుతుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు. టిక్ తీసేశాక కూడా ఏమీ చూపించకుండా కరెంటు పోయినట్టు ఆగిపోతుంటే అనుమానం పవర్ వైపు మళ్లించండి.

విండోస్ తన ఎర్రర్లన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది పవర్ సప్లై పోయిందని కొత్తది కొనేస్తారు. 41 చెప్పేది ఒక్కటే, కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని. అది మనకి ముందే తెలుసు కదా! దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ చూడండి, సున్నా ఉంటే విండోస్‌కి ఎర్రర్ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట, వేరే అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చిందన్నమాట. అదే టైమ్ దగ్గర వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో ఎంట్రీలు ఉన్నాయేమో కూడా వెతకండి, హార్డ్‌వేర్ తనంతట తాను చేసుకున్న ఫిర్యాదులవి. నిజానికి నాకు వీటన్నిటికంటే రిలయబిలిటీ మానిటర్ ఇష్టం, ఏ తారీఖు నుంచి క్రాష్‌లు మొదలయ్యాయో రోజువారీగా చూపిస్తుంది, కొన్నిసార్లు పార్ట్ మార్చడానికి వారం ముందే మొదలయ్యాయని తేలి నోరెళ్లబెడతాం.

పాత పార్ట్ ఇంకా దగ్గరుంటే దాన్ని తిరిగి పెట్టి ఒకట్రెండు రోజులు నడపండి. ఇంతకు మించిన టెస్ట్ లేదు. క్రాష్‌లు ఆగితే కొత్తదో, కొత్తదాని వల్ల పడిన లోడో, దాన్ని విండోస్‌లో నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేరో కారణం. ఆగకపోతే కొత్తదాన్ని ఊరికే ఆడిపోసుకుంటున్నారు.

ర్యామ్ మార్చినవాళ్లకి: బయాస్‌లో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగ్‌లు) ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ స్పీడ్ ప్రొఫైల్ ఆన్ చేశారా? పెట్టె మీద రాసిన స్పీడ్ ఆ ప్రొఫైల్ ఆన్ చేస్తేనే వస్తుంది, కానీ అది ఓవర్‌క్లాకింగ్, అంటే మామూలు స్పీడ్ కంటే ఎక్కువలో నడపడం కిందికే వస్తుంది. డీడీఆర్4 రకం ర్యామ్ మామూలు వోల్టేజ్ 1.2, ప్రొఫైల్ ఆన్ చేస్తే చాలా కిట్లు 1.35 అడుగుతాయి. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఆ స్పీడ్ తట్టుకుంటుందని గ్యారంటీ లేదు, అందులోనూ నాలుగు స్లాట్లూ నింపితే. రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి ఏఎమ్‌డీ ఇచ్చిన అధికారిక స్పీడ్ రెండు స్టిక్స్‌తో 5200, నాలుగు స్టిక్స్‌తో 3600 మాత్రమే. పాత కిట్ పక్కన కొత్త కిట్ పెట్టడమూ అంతే, కంపెనీ, మోడల్ ఒకటే అయినా లోపలి చిప్పులు వేరు కావచ్చు. ప్రొఫైల్ ఆపేసి డిఫాల్ట్ స్పీడ్‌లో నడపండి. క్రాష్‌లు ఆగితే స్పీడ్ కొంచెం తగ్గించుకుని వాడుకోవచ్చు, లేదంటే బయాస్ అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించవచ్చు.

డిఫాల్ట్‌లో కూడా ఆగకపోతే మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ టెస్ట్ ప్రోగ్రామ్‌ని యూఎస్‌బీలో వేసుకుని, రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఒప్పుకోవద్దు, "వేలల్లో ఒకటేగా" అనే లెక్క మెమరీకి పనికిరాదు. ఎర్రర్ వస్తే ఒక్కో స్టిక్‌ని ఒంటరిగా ఒకే స్లాట్‌లో పెట్టి టెస్ట్ చేయండి. ఏ స్లాట్‌లో పెట్టినా అదే స్టిక్ ఎర్రర్ ఇస్తే స్టిక్ పోయినట్టు, ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో ఎర్రర్ వస్తే సమస్య బోర్డుదో ప్రాసెసర్‌దో. అన్నట్టు, డీడీఆర్5 వేశాక మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాల పాటు నల్ల స్క్రీనే ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్, అంటే బోర్డు కొత్త ర్యామ్‌కి తగ్గట్టు సర్దుకోవడం, క్రాష్ కాదు, కంగారుపడి పవర్ తీసెయ్యకండి.

గ్రాఫిక్స్ కార్డ్ మార్చినవాళ్ల కథ వేరు. స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో 8 పిన్ల కనెక్టర్ నుంచి 150 వాట్లు అనేది లెక్క. కానీ కార్డ్ సగటున 250 వాట్లే తీసుకుంటున్నా, క్షణంలో వెయ్యో వంతు కూడా లేని కాసేపట్లో అంతకంటే చాలా ఎక్కువకి ఎగబాకగలదు. పాత సప్లై దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని టక్కున ఆగిపోవచ్చు. ఈ దూకుళ్ల గొడవ ఎంత ముదిరిందంటే, 2022లో పవర్ సప్లైలకి వచ్చిన ఏటీఎక్స్ 3.0 స్టాండర్డ్‌లో, కొత్త 16 పిన్ల కనెక్టర్ ఇచ్చే సప్లైలు తమ రేటింగ్‌కి రెట్టింపు లోడ్‌ని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని పెట్టారు. మీ కార్డ్‌కి రెండు 8 పిన్ల సాకెట్లు ఉండి, ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలల్నీ వాటికి తగిలించి ఉంటే, ముందు రెండు వేర్వేరు కేబుళ్లు వాడి చూడండి. తర్వాత ఆఫ్టర్‌బర్నర్ లాంటి టూల్‌తో కార్డ్ పవర్ లిమిట్ 70 శాతానికి దించి అదే గేమ్ ఆడండి. 70లో హాయిగా నడిచి 100లో పడిపోతుంటే సప్లై మీద అనుమానం గట్టిపడినట్టే. వీలైతే కొనేముందు ఎవరి దగ్గరైనా ఒక మంచి సప్లై అరువు తెచ్చి చూసుకోండి. ఏ సప్లైనీ విప్పి లోపల చూసే ప్రయత్నం మాత్రం వద్దు, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ మిగిలి ఉండొచ్చు.

కంప్యూటర్ ఆగకుండా స్క్రీన్ మాత్రమే ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తుంటే ముందు డ్రైవర్ సంగతి చూడండి. పాత కార్డ్ డ్రైవర్ అవశేషాలు మిగిలిపోయి ఉంటాయి, సేఫ్ మోడ్‌లో డీడీయూ (పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పూర్తిగా తీసేసే టూల్)తో తుడిచేసి కొత్తది వేయండి. కార్డ్‌ని స్లాట్‌కి దూరంగా పెట్టడానికి రైజర్ కేబుల్ వాడుతుంటే బయాస్‌లో ఆ స్లాట్ స్పీడ్‌ని (పీసీఐఈ స్పీడ్) ఒక జనరేషన్ తగ్గించి చూడండి, ఈ చిన్న పనితోనే తేరుకున్న మెషీన్లు ఉన్నాయి.

ప్రాసెసర్ మార్చి ఉంటే బయాస్ అప్‌డేట్ తప్పనిసరి. ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటికి ఎక్కువ వోల్టేజ్ వల్ల అస్థిరత వస్తుందని కంపెనీయే ఒప్పుకుని 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ప్యాచ్‌లు ఇచ్చింది, అవి బయాస్ అప్‌డేట్ రూపంలోనే వస్తాయి. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ ప్యాచ్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే. కొత్త ఎస్‌ఎస్‌డీ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే టూల్‌లో దాని ఆరోగ్యం, కంపెనీ సైట్‌లో దాని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చూడండి, చాలు.

ఇవన్నీ చేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చినది టైమ్‌తో సహా కాగితం మీద రాయండి. ఒకే సాయంత్రం బయాస్ అప్‌డేట్ చేసి, డ్రైవర్ మార్చి, ర్యామ్ స్లాట్లు మారిస్తే, క్రాష్ ఆగినా దేనివల్ల ఆగిందో తెలీదు, వారం తర్వాత అది మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. బాగైందని ఎప్పుడు అనుకోవాలంటే, రెండు రోజులకోసారి వచ్చే క్రాష్ ఒక్క రోజు రాకపోతే దానికి అర్థం లేదు, కనీసం వారం ప్రశాంతంగా గడవాలి. అప్పుడు ఎక్స్‌ఎమ్‌పీ మళ్లీ ఆన్ చేసి ఇంకో వారం చూసి, ఆ తర్వాతే కేసు మూత స్క్రూలు బిగించండి.