కరెంటు పోతే సంప్ పొంగకుండా ఇలా సరిచేశాను

ఉప్పునీటి అక్వేరియం కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి శుభ్రమయ్యే తొట్టి) పెట్టిన వారానికే కరెంటు పోయింది. తెల్లారి చూస్తే నేలంతా ఉప్పునీళ్లు! పంపు ఆగగానే, సంప్ నీటిని తిరిగి ట్యాంకులోకి పంపే రిటర్న్ పైపు సైఫన్‌లా మారి, ట్యాంకు నీటిని వెనక్కి లాగేసింది. పైపు మూతి నీటిలో బాగా లోతుగా ఉండటమే కారణం.

మూతిని పైకి జరిపి, 2 సెంటీమీటర్ల లోతులోనే ఉంచాను. నీటిమట్టానికి కాస్త కిందుగా పైపుకు చిన్న రంధ్రం పెట్టాను. మట్టం తగ్గగానే అది సర్రున గాలి పీలుస్తుంది, సైఫన్ తెగిపోతుంది. నాచు పట్టకుండా వారానికోసారి టూత్‌పిక్‌తో పొడవాలి, ఇది మాత్రం మరవకండి. నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌ను నేను నమ్మను, ఉప్పు పేరుకుంటే సరిగ్గా మూసుకోదు.

తర్వాత కావాలనే పంపు ఆపి చూశాను. వెనక్కొచ్చిన నీళ్లు సంప్ అంచుకు 5 సెంటీమీటర్ల కింద ఆగాయి. పంపు నడిచేటప్పుడు ఉండే మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీశాను. ఆ గీత దాటి నీళ్లు పోయను.