గాలిలోని కార్బన్‌ని తీసి శాశ్వతంగా దాచే పనికి మన డబ్బు ఎలా ఇవ్వాలి?

పోయిన ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ మోగని రోజు లేదు. పంప్‌రూమ్ గోడకి మేకుకు వేలాడుతూ ఒక లాగ్‌బుక్ ఉంటుంది. ఆన్ చేసిన టైము, ఆపిన టైము, పోసిన డీజిల్, పక్కన సెక్యూరిటీ సంతకం. నూనె మరకలు పడ్డ ఆ పుస్తకం తీసి రెండు నెలలదీ కూడితే 1,850 లీటర్లు తేలింది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. అంటే మా 120 ఇళ్లలో ఫ్యాన్లు, లిఫ్టులు ఆగకుండా ఉండటానికి ఐదు టన్నులు గాలిలోకి వదిలాం.

ఆ ఐదు టన్నులూ వెనక్కి తీయించాలని కమిటీలో ఉన్న నలుగురం తెలుగువాళ్లం పట్టుబట్టాం. తీయించడమే కాదు, మళ్లీ బయటికి రాకుండా దాచాలి. ఇలాంటి ప్రాజెక్టులకి మామూలు మనుషులు కూడా డబ్బు ఇవ్వొచ్చు. కాకపోతే బియ్యం బస్తా కొన్నంత జాగ్రత్తగా కొనాలి: సరుకు ఏమిటో చూసి, తూకం ఎవరు వేశారో అడిగి.

1. ముందు మీ లెక్క మీరే వేసుకోండి

పెట్రోలు లీటరుకు సుమారు 2.3 కిలోలు. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌కి దాదాపు 42 కిలోలు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కి 0.7 కిలోల చుట్టూ. ఈ నాలుగు అంకెలతో (డీజిల్‌తో కలిపి) ఒక ఇంటి లెక్క అరగంటలో తేలుతుంది. తేలాక ముందు తగ్గించగలిగింది తగ్గించండి. మేం జనరేటర్ మీద ఒక్క లిఫ్టు మాత్రమే నడిచేలా మార్చాం, డాబా మీద సోలార్‌కి కొటేషన్లు తెప్పించాం. ఇవేమీ చేయకుండా డబ్బు కట్టేస్తే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

2. ఏం కొంటున్నారో తెలుసుకోండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మేమూ తిన్నాం. మూడేళ్ల కిందట మొక్కలు నాటిస్తామన్న ఒక సంస్థకి 40 వేలు కట్టాం. ఆకుపచ్చ అంచుతో ముచ్చటైన సర్టిఫికెట్ వచ్చింది. ఏడాది తర్వాత హోసూరు దాటి ఆ చోటు వెతుక్కుంటూ వెళితే వెదురు కర్రలు, చిరిగిన వల మిగిలాయి. ఒక గుంటలో ఎండిపోయిన కానుగ మొక్కని పట్టుకుంటే వేళ్లతో సహా చేతిలోకి వచ్చేసింది. చెట్లు కావాలి, నీడకీ నీటికీ పిట్టలకీ కావాలి. కానీ చెట్టులో దాగిన కార్బన్‌కి గొడ్డలి, మంట, కరువు, మూడూ గండాలే. జనరేటర్ పొగలోని కార్బన్ ప్రభావం వందల, వేల ఏళ్లు ఉంటుంది కాబట్టి దాన్ని దాచే చోటు కూడా అంతకాలం నిలవాలి.

ఇంకో తేడా కూడా ఉంది. పట్టుకోవడం వేరు, దాచడం వేరు. తూత్తుకుడిలో ఒక రసాయన ఫ్యాక్టరీ తన బొగ్గు బాయిలర్ పొగలోంచి కార్బన్ డై ఆక్సైడ్ పట్టి సోడా యాష్ చేయడం 2016లో మొదలుపెట్టింది. మంచి ఇంజినీరింగ్. కానీ ఆ సోడా యాష్ గాజు కొలిమిలో కరిగితే వాయువు మళ్లీ బయటికే. మిథనాల్ అనే ఇంధనంగా మారిస్తే, అది కాలిన రోజున బయటికే. మన జక్కూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ అనే పరిశోధన సంస్థలో ఇలా పట్టుకుని వాడుకునే పరిశోధనకి జాతీయ కేంద్రమే ఉంది. ఆ పని అవసరమే. కానీ మీరు "శాశ్వతంగా దాచడానికి" డబ్బు ఇస్తుంటే, చివరికి ఆ వాయువు ఎక్కడికి చేరుతోందో అడగాల్సిందే.

3. దారి ఎంచుకోండి

ఇవాళ కొనడానికి దొరికేవి ముఖ్యంగా మూడు.

ఒకటి రాతిపొడి. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే, కొంచెం వివరంగా చెప్పనివ్వండి. వాన చినుకు గాలిలోంచి, మట్టిలోంచి కాస్త కార్బన్ డై ఆక్సైడ్ కలుపుకుని సోడా నీళ్లలా లేత ఆమ్లం అవుతుంది. అది నల్లరాయిని, అంటే బసాల్ట్‌ని, నెమ్మదిగా కరిగిస్తుంది. రాతిలోని కాల్షియం, మెగ్నీషియం నీటిలోకి వచ్చి, ఆ కార్బన్‌ని బైకార్బనేట్‌గా కట్టేస్తాయి. అది వాగుల్లో, నదుల్లో పడి సముద్రానికి చేరి పదివేల ఏళ్లకు పైగా అక్కడే ఉంటుంది. కొండలు యుగాలుగా చేస్తున్న పని ఇది. రాయిని మెత్తగా పొడి చేసి పొలంలో చల్లితే వేగం పెరుగుతుంది. రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయి, దక్కన్ పీఠభూమిని కప్పేసిన లావా, రెండూ ఈ జాతివే. మన దేశానికి ఈ రాయి కరువు లేదు, వేడి, వానలు, వరి మడులూ ఉన్నాయి. చిన్న రైతుల వరి పొలాల్లో ఈ పని చేస్తున్న మాటి కార్బన్ అనే సంస్థ 2025 ఏప్రిల్‌లో, గాలిలోంచి కార్బన్ తీసేవాళ్లకి పెట్టిన ఎక్స్‌ప్రైజ్ పోటీలో 5 కోట్ల డాలర్ల మొదటి బహుమతి గెలిచింది. ఆల్ట్ కార్బన్ అనే ఇంకో సంస్థ డార్జిలింగ్ టీ తోటల్లో చేస్తోంది. పొడి రైతుకి ఉచితంగా అందుతోందా, మట్టిలో చేరితే హాని చేసే నికెల్, క్రోమియం లోహాల్ని పరీక్షిస్తున్నారా అని తప్పక అడగండి. రైతు నేల పాడయ్యే పనికి మన డబ్బు పోకూడదు.

రెండోది బయోచార్. పంట వ్యర్థాలనో పిచ్చిచెట్లనో గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి మట్టిలో కలపడం. సరైన వేడిలో తయారైన బొగ్గు వందల ఏళ్లు చివకదు. మన ఊళ్లలో చెరువుల్ని మింగేసిన సర్కారు తుమ్మని తలుచుకోండి. గుజరాత్‌లో ఆ చెట్టునే బయోచార్ చేస్తున్న వరాహ అనే సంస్థ నుంచి 2030 లోగా లక్ష టన్నులు కొంటామని 2025 జనవరిలో గూగుల్ ఒప్పందం చేసుకుంది. మూడు దారుల్లో ఇదే చవక: టన్నుకు సుమారు 100 నుంచి 200 డాలర్లు. రాతిపొడి 300 డాలర్ల చుట్టూ ఉంటుంది.

మూడోది యంత్రాలతో గాలిని పీల్చి వాయువుని భూమి కిందకి పంపడం. ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ అనే సంస్థ 2021లో ఓర్కా, 2024లో మామత్ అనే ప్లాంట్లు తెరిచింది. అక్కడి బసాల్ట్‌లోకి కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు పంపిన వాయువులో 95 శాతం రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో ప్రచురించారు. తూకం వేయడం దీనిలోనే తేలిక. ధర మాత్రం టన్నుకు 600 డాలర్ల పైమాటే, ఒక్కోసారి వెయ్యి దాటుతుంది.

4. తూకం ఎవరు వేశారో అడగండి

అమ్మేవాళ్ల మాట ఒక్కటే చాలదు. ప్యూరో డాట్ ఎర్త్, ఐసోమెట్రిక్ లాంటి రిజిస్ట్రీలో (టన్నుల లెక్క సరిచూసి రాసిపెట్టే సంస్థలో) ఆ ప్రాజెక్టు నమోదై ఉందో లేదో వాళ్ల సైట్‌లో మీరే వెతకండి. తర్వాత ఒక మెయిల్ రాయండి. మేం రాసిన ప్రశ్నలు ఇవీ: ఎన్ని టన్నులు ఇప్పటికే పూర్తయ్యాయి, ఎన్ని ఇంకా చేయబోయేవి? రాయి పొడిచేయడానికి, లారీలకి, కరెంటుకి అయిన కార్బన్ తీసేసి చెబుతున్నారా? మట్టి నమూనాలు పొడి చల్లకముందు తీశారా? మా డబ్బు లేకపోతే ఈ పని జరిగేది కాదా?

నలుగురికి రాస్తే ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు 20 పేజీల బ్రోషర్ పంపారు, ప్రశ్నలకి జవాబు మాత్రం లేదు. ఇంకొకరు నాలుగు ప్రశ్నలకీ నాలుగు పేరాలు రాసి, మట్టి రిపోర్టు జత చేశారు. ఎవరిని ఎంచుకున్నామో చెప్పక్కర్లేదు.

5. డబ్బు కట్టే పద్ధతి

ఒక్కరైతే: కార్డుతో నెలనెలా కట్టే సౌకర్యం క్లైమ్‌వర్క్స్‌కి ఉంది. ఒక్కో టన్ను, అందులో భాగం అమ్మే మధ్యవర్తులూ ఉన్నారు. డాలర్లలో కడితే బ్యాంకు మార్పిడి చార్జీ పడుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి.

అపార్ట్‌మెంట్ అయితే కార్పస్ ఫండ్‌ని (పెద్ద మరమ్మతులకి దాచిన నిధిని) ముట్టుకోవద్దు. దానికోసం మొదలయ్యే గొడవతో అసలు పని ఆగిపోతుంది. మేం జనరల్ బాడీ మీటింగ్‌లో పెట్టి, ఇష్టమున్నవాళ్లే ఇచ్చేలా విడిగా వసూలు చేశాం. మేం ఎంచుకున్న సంస్థ చెప్పిన ధర ప్రకారం టన్ను 15 వేల చొప్పున ఐదు టన్నులకి 75 వేలు. 120 ఇళ్లూ ఇస్తే ఇంటికి 625 రూపాయలు. మొదటిసారి 71 ఇళ్లే ఇచ్చాయి, మూడు టన్నులకి దాదాపు సరిపోయింది. తగ్గిన కొంచెం కమిటీ వాళ్లం వేసుకున్నాం. రూపాయల్లో, జీఎస్టీ బిల్లుతో ఇచ్చే దేశీ సంస్థనే ఎంచుకుంటే ఆడిట్‌లో టెన్షన్ ఉండదు.

ఔటర్ రింగ్ రోడ్ మీద ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు మేనేజ్‌మెంట్‌ని అడగొచ్చు. 2022లో స్ట్రైప్, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్, షాపిఫై, మెటా, మెకిన్సీ కలిసి ఫ్రాంటియర్ పేరుతో 92.5 కోట్ల డాలర్లు పక్కనపెట్టింది ఇలాంటి పనికే. కొనేవాళ్లున్నారని ముందే తెలిస్తే ప్లాంట్లు కట్టేవాళ్లు ధైర్యం చేస్తారని. కంపెనీ తన కార్బన్ లెక్కలో చూపించుకునే టన్నుల్ని సీఎస్‌ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) ఖర్చుగా రాసే ముందు మాత్రం ఆడిటర్‌ని అడగాలి.

ముందస్తుగా కట్టాలా, పని అయ్యాక కట్టాలా? ఈ రంగంలో ఇప్పటిదాకా అమ్మిన టన్నుల్లో నిజంగా పూర్తయినవి కొన్నే. 2024లో అమెరికాలో పేరున్న సంస్థలే మూతపడ్డాయి. పెద్ద కంపెనీలు ఆ రిస్కు తీసుకోగలవు, తీసుకోవాలి కూడా. మనలాంటివాళ్లం పూర్తయిన టన్నులే కొనడం మేలు.

6. రిటైర్ చేయించండి

డబ్బు కట్టాక, ఆ టన్నుని మీ పేరున రిజిస్ట్రీలో రిటైర్ చేయాలి, అంటే ఇంకొకరికి అమ్మే వీలు లేకుండా కొట్టేయాలి. సీరియల్ నంబర్ ఇస్తారు. రిజిస్ట్రీ సైట్‌లో ఆ నంబర్ కొట్టి, అసోసియేషన్ పేరు, టన్నుల సంఖ్య సరిపోయాయో లేదో చూసుకోండి. మాది లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద పెట్టాం: మూడు టన్నులు, మూడు నంబర్లు. దాని కింద ఇంకా తీయించాల్సిన రెండు టన్నులు, ఈ నెల జనరేటర్ తాగిన డీజిల్.